లైను పోయినా పని ఆగలేదు: టీమక్స్‌తో ఏడేళ్లు

పర్లాకిమిడిలో కూర్చుని వందల కిలోమీటర్ల అవతలి యూనివర్సిటీ సర్వర్ మీద స్క్రిప్టులు నడిపే నాకు టీమక్స్‌లో ఒక్క సౌకర్యం చాలు. సర్వర్ మీద మనం ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌ను, కనెక్షన్ తెగినా బతికించి ఉంచే ప్రోగ్రాం (tmux) అది. కంట్రోల్-బి నొక్కి వదిలి, డి కొడితే మనం బయటికొచ్చేస్తాం, పని మాత్రం అక్కడ నడుస్తూనే ఉంటుంది. స్క్రీన్‌ను ముక్కలు చేసుకోవడం, రంగులు మార్చుకోవడం గురించి చాలామంది రాశారు, నేను వాటి జోలికి పోను.

నా చదువు భాషాశాస్త్రం. పాత తెలుగు పుస్తకాల స్కాన్లను టెసరాక్ట్‌తో అక్షరాల్లోకి మార్చి, మాటల రాత ఎలా మారుతూ వచ్చిందో చూస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టాను కాబట్టి వాడుక భాష మీద ఇష్టం చిన్నప్పటి నుంచే ఉంది. నాకిచ్చిన సర్వర్లో పేజీకి సుమారు నలభై సెకన్లు పట్టేది. మొదట్లో దూరపు సర్వర్లోకి చేర్చే ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, నేరుగా స్క్రిప్టు మొదలెట్టి, లాప్‌టాప్ పక్కనే కాపలా కూర్చునేదాన్ని. కరెంటు పోతే కనెక్షన్ తెగేది. టెర్మినల్ పోయిందని ఆ స్క్రిప్టుకి హ్యాంగప్ (ఫోన్ పెట్టేశారన్న) సిగ్నల్ అందేది, అది అక్కడితో చచ్చిపోయేది. ఫోన్ లైన్ల మీద మోడెములు నడిచిన రోజుల్లో వచ్చిన పేరట అది. ఒకసారి తెల్లారి లేచి చూస్తే 1,300వ పేజీ దగ్గర ఆగిపోయి ఉంది. ఏడుపొక్కటే తక్కువ.

2018లో దసరాకి ఇంటికొచ్చాను. నవరాత్రులు మొదలైన రోజు, అక్టోబర్ 10 రాత్రి తొమ్మిదింటికి, 4,200 పేజీల పని టీమక్స్‌లో పెట్టాను. పక్క విండోలో ఏదో ఫైలు పేరు టైపు చేస్తుండగా లైను పోయింది. ఇక గాలి మొదలైంది. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధిలో కొబ్బరిచెట్లు తీగల మీద పడ్డాయి, కరెంటు లేదు, ఫోన్లు పలకవు. నూతినీళ్లు తోడుకోవడం, పైకప్పు ఎగిరిపోయిన వాళ్లకి అన్నం వండి పంపడం, అవే మా రోజులు. సర్వర్ సంగతి గుర్తుకే రాలేదు.

ఆరో రోజున బరంపురంలో మామయ్య ఇంటికి వెళ్లాక లాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి లాగిన్ అయ్యాను. పాత సెషన్లోకి తిరిగి వెళ్లడానికి టీమక్స్ అటాచ్ అని కొట్టాను. స్క్రీన్ మీద చివరి వరుసలో 4200 అన్న అంకె, దాని కింద కొత్త ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్న కర్సర్. పక్క విండోలోకి వెళ్తే, ఆ రాత్రి సగం టైపు చేసిన ఫైలు పేరు నేను ఆపిన అక్షరం దగ్గరే ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. మామయ్య వచ్చి, "ఏమ్మా, ఏడుస్తున్నావా?" అని అడిగాడు. ఊరంతా కకావికలైన ఆ వారంలో చెక్కుచెదరకుండా దొరికింది నాకు అదొక్కటే.

అయితే అన్నిటికీ దాన్నే నమ్ముకోకూడదని తర్వాత తెలిసింది. రెండేళ్లకి మా సర్వర్‌కి లాగిన్ మెషిన్లు, అంటే మనం మొదట చేరే కంప్యూటర్లు, రెండయ్యాయి, ఏది తగులుతుందో మన చేతిలో లేదు. ఓ రోజు అటాచ్ చేయబోతే టీమక్స్ సర్వరేదీ అక్కడ నడవడం లేదని జవాబొచ్చింది. పోయిందనుకుని మళ్లీ మొదలెట్టాను. నిజానికి పాతది రెండో మెషిన్లో నడుస్తూనే ఉంది. రెండూ ఒకే ఫోల్డర్లో రాస్తూ, నేను చేత్తో దిద్దుకున్న పేజీల మీద కూడా రాసేశాయి. సర్వర్ చూసే ఆయన ఫోన్ చేసి, "అమ్మా, నీ పని రెండుచోట్లా నడుస్తోంది, చూసుకో" అని చెప్పేదాకా తెలీలేదు. నెల రోజుల దిద్దుబాటు పోయింది. ఇప్పుడు మొదలెట్టే ముందు హోస్ట్‌నేమ్ కొట్టి, ఆ మెషిన్ పేరు నోటుపుస్తకంలో రాసుకుంటాను. దిద్దిన ఫైళ్లు వేరే ఫోల్డర్లో.

సర్వర్ రీబూట్ అయితే టీమక్స్ సెషన్లూ పోతాయి. అందుకే పూర్తయిన పేజీలను వదిలేసి ముందుకెళ్లేలా స్క్రిప్టుని మార్చుకున్నాను. పెద్ద పనులు లాగిన్ మెషిన్ మీద పెట్టొద్దని మా వాళ్ల నియమం, అది న్యాయమే. వాటిని, వంతులవారీగా పనులు నడిపే స్లర్మ్ క్యూలో వేస్తాను, టీమక్స్ లేకపోయినా అవి నడుస్తాయి. ఇంకొకటి, మొదట్లో తెలుగు ఫైలు పేర్లన్నీ అడ్డగీతలుగా కనబడేవి. టీమక్స్‌ని మైనస్-యూ పెట్టి పిలిస్తే అక్షరాలొచ్చాయి, కానీ ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్కకి జరుగుతాయి.

ఇంట్లో స్థిరమైన లైను ఉండి, పది నిమిషాల్లో ముగిసే స్క్రిప్టులైతే మీకిది అక్కర్లేకపోవచ్చు. ఒక్క పనే అయితే, హ్యాంగప్ సిగ్నల్‌ని పట్టించుకోకుండా నడిపించే నోహప్ ఆజ్ఞ సరిపోతుంది. నాకు మాత్రం వానాకాలంలో సాయంత్రం ఐదయ్యేసరికి మహేంద్రగిరి వైపు మబ్బు కమ్ముతుంది. అది చూసి కంట్రోల్-బి, డి కొట్టి, మేడ మీది బట్టలు తీయడానికి వెళ్తాను.