రాతిలో ఎముక: సూదితో తొలవాలా, స్కాన్ తీయాలా?

నాలుగు కాళ్ల తొలి జీవుల్లో ఒకటైన అకాంతోస్టెగా శిలాజాలను పురాజీవ శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ బృందం 1987లో తూర్పు గ్రీన్‌లాండ్‌లో సేకరించింది. ఇలా రాతిలో ఇరుక్కున్న ఎముకను చూడటానికి రెండు దారులు: మైక్రోస్కోపు కింద సూదితో రాయిని తొలవడం, లేదా ఎక్స్-రే స్కాన్ తీయడం.

ఖర్చు: సూది, మైక్రోస్కోపు చవకే. సింక్రోట్రాన్ (చాలా శక్తివంతమైన ఎక్స్-రేలతో స్కాన్ తీసే భారీ యంత్రం) అయితే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ లాంటి చోట టైమ్ దొరకాలి.

శ్రమ: సూదితో రాయిని రేణువు రేణువుగా తీయాలి, నెలలు పడుతుంది. స్కాన్ త్వరగానే అయిపోతుంది గానీ, తర్వాత కంప్యూటర్ ముందు ఎముకనీ రాయినీ వేరుచేస్తూ కూర్చోవడం ఉంది చూశారూ, అదీ తక్కువ పనేం కాదు.

రిస్క్: సూది జారితే ఎముక చిట్లుతుంది. స్కాన్‌కి ఆ టెన్షన్ లేదు, కాకపోతే ఎముక, రాయి సాంద్రత దగ్గరగా ఉంటే ఏది ఎముకో తేలదు.

అకాంతోస్టెగా ముందుకాలికి ఎనిమిది వేళ్లని 1990లో చెప్పగలిగింది రాయి తొలిచాకే. ఆ జంతువులు ఇంకా ఎదగని పిల్లలని 2016లో తేల్చింది మాత్రం ఎముక లోపలి ఎదుగుదల గీతలు చూపిన సింక్రోట్రానే. పైరూపం కావాలంటే సూది. లోపల చూడాలన్నా, ఉన్నది ఒక్క నమూనాయే అయినా స్కాన్.