తలంబ్రాల దగ్గర దొరికిపోయింది: హ్యాండ్‌బ్రేక్‌తో నాలుగేళ్లు

వీడియోల సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌ని నేను వదలకపోవడానికి కారణం ఆర్‌ఎఫ్ అనే క్వాలిటీ అంకెని జరిపే స్లైడర్ ఒక్కటే. అంతకుముందు ఒక్కో సినిమాకీ కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. రెండున్నర గంటల సినిమాని 700 ఎంబీ సీడీలో పట్టించాలంటే ఆడియో పోగా బొమ్మకి సెకనుకి సుమారు 500 కిలోబిట్లే మిగులుతాయి. ఇందులో ఆ తంటా లేదు. క్వాలిటీ ఇంత కావాలని చెబితే చాలు, ఎన్ని బిట్లు పడతాయో అదే చూసుకుంటుంది. డీవీడీకి 18 నుంచి 22 మధ్య పెట్టమంటారు. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు లావెక్కుతుంది. నేను 20 దగ్గర స్థిరపడ్డాను.

నాన్న దాచుకున్న పాత సినిమాలు ముప్పై దాకా అలాగే మార్చాను. ఆరేడు జీబీలవి ఒకటిన్నరకి దిగాయి. టీవీలో చూసి నాన్న తేడా కనిపెట్టలేదు. (ఆయన కళ్లద్దాలు మార్చి ఐదేళ్లయింది, అది వేరే సంగతి.)

ఆ ధైర్యంతోనే అక్క పెళ్లి డీవీడీ పెట్టాను. 2006లో టేపు మీద తీసింది. మూడు గంటల పెళ్లిని వీడియో అతను ఒకే డిస్కులో కుక్కేశాడు, 4.3 జీబీ. పెళ్లి కదా, బొమ్మ చెడకూడదని 18 పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఫైలు 4.6 జీబీ! తగ్గించమంటే పెంచింది. పైగా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. దానికి బొమ్మేదో మచ్చేదో తెలియదు. మండపంలో వెలుతురు చాలక టేపు మీద పడ్డ చుక్కలు, డిస్కులో కుక్కినప్పుడు వచ్చిన గళ్లు, అన్నిటినీ భద్రంగా దాచిపెట్టింది. ఇక తలంబ్రాలు. ముందు ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ వాడుకుంటేనే సైజు తగ్గేది. గాల్లో వందల గింజలు ఎగురుతుంటే వాడుకోవడానికి ఏం మిగులుతుంది?

24 పెడితే సైజు సగానికి పడింది, తలంబ్రాలు మాత్రం బియ్యంలా కాక పటికబెల్లం ముక్కల్లా కనిపించాయి. సరేనని 22 పెట్టి, ఎన్‌ఎల్‌మీన్స్ అనే, చుక్కలు తుడిచే డీనాయిస్ ఫిల్టర్ కలిపాను. రెండు జీబీల లోపే వచ్చింది, చుక్కలు పోయాయి. అమ్మ చూసి, "దాని చీర మీద బుటాలు ఏమయ్యాయిరా?" అంది. చుక్కలతో పాటు అవీ పోయాయి.

ఆ తర్వాత అనుమానం వచ్చి నాన్న సినిమాలు మళ్లీ తిరగేశాను. వెన్నెల పాటల్లో ఆకాశం మెట్లుమెట్లుగా ఉంది. మొదట్లో నేను చూడలేదో, చూడదలుచుకోలేదో.

బొమ్మ జోలికి పోకుండా సైజు తగ్గింది ఒక్క ఆడియోలోనే. 448 కిలోబిట్ల 5.1 (ఆరు ఛానెళ్ల) ట్రాక్‌ని అలాగే ఉంచితే రెండున్నర గంటలకి 500 ఎంబీ పోతుంది. మా టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. 160 కిలోబిట్ల స్టీరియో చేస్తే 180 ఎంబీతో సరిపోయింది.

మాది 32 అంగుళాల టీవీ, కాబట్టి సినిమాలకి 20తోనే ఉన్నాను. పెద్ద టీవీ ఉన్నవాళ్లు 18తో మొదలుపెడితే నయమేమో. పెళ్లి వీడియో అయితే రాత్రంతా నడిపేముందు తలంబ్రాల చాప్టర్ ఒక్కటి చేసి చూడండి. అక్క పెళ్లి మాత్రం ఇప్పుడు హార్డ్‌డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంది, మొత్తం 4.3 జీబీ.