ఇన్షాల్లా వలద్: ఫ్లాటు కోసం ఓ అబద్ధం

ఆస్తి తగాదా సినిమా అంటే బంగళాలు, లాయర్లు, అరుపులు అనుకుంటాం గానీ, 2023లో వచ్చిన ఈ జోర్డాన్ సినిమాలో గొడవంతా అమ్మాన్‌లో ఓ మామూలు ఫ్లాటు, వాయిదాలు తీరని ఒక పికప్ బండి గురించే. నవాల్ భర్త నిద్రలోనే పోతాడు, ఉన్నది ఒక్క కూతురు, కొడుకు లేడు కాబట్టి నాకూ వాటా ఉందని భర్త తోడబుట్టినవాడు కోర్టుకెక్కుతాడు, దాంతో ఆమె కడుపుతో ఉన్నానని అబద్ధమాడేస్తుంది. ఇక అక్కణ్నుంచి టెన్షనే. నవాల్‌గా మునా హవా నటన అదిరింది, మొదట్లో కిటికీ బయట చిక్కుకున్న లోదుస్తును కర్రతో లాగడానికి ఆమె పడే పాట్లు చాలు. మరిదిని రాక్షసుడిలా చూపించకపోవడం బాగా నచ్చింది, చట్టం అతని వైపే ఉంది మరి! ఆమె పనిచేసే డబ్బున్నవాళ్ల ఇంటి కథని మాత్రం హడావిడిగా లాగించేశారు. అయినా దర్శకుడు అమ్జద్ అల్ రషీద్‌కి ఇది మొదటి ఫీచర్ సినిమా అంటే నమ్మబుద్ధి కాదు.