జాజ్ బాక్స్ సెట్లు: ఏండ్ల కొద్దీ విన్నంక ఏది ఉంచుకోవాలె, ఏది వద్దు

హన్మకొండల జాజ్ వినేటోళ్లు ఎంతమంది ఉంటరో తెల్వదు గానీ, నా షెల్ఫ్ ఫోటో చూసినోళ్లల్ల సగం మంది అడిగేది ఒకటే, బాక్స్ సెట్ (శానా సీడీలు ఒక్క డబ్బాల పెట్టి అమ్మేది) తీస్కుంటే మంచిదా లేకపోతే ఆల్బమ్‌లు విడివిడిగ కొనుక్కోవాల్నా అని. లెక్కలేస్తే బాక్సే చవుక. ఏడు సీడీల బాక్స్ ధరను ఏడుతోని భాగించుకుంటే ఒక్కో సీడీ సగం ధరకే పడ్డట్టు అనిపిస్తది, చాలామంది ఆడనే పడిపోతరు. ఇన్నేండ్లు వాటితోని కాపురం చేసినంక నా మాట ఏందంటే, ఒక్క క్లబ్‌ల ఒక రాత్రో రెండు రాత్రులో లైవ్ వాయించింది మొత్తం ఇచ్చే బాక్స్ అయితే అప్పు జేసైనా కొనుండ్రి, స్టూడియో రికార్డింగులన్నీ తారీఖుల ప్రకారం పేర్చి "కంప్లీట్" అని అమ్మే బాక్స్ అయితే జర ఆగుండ్రి.

వరంగల్‌ల ఉండి నీకు జాజ్ ఎట్ల అంటిందిరా అని గూడ అడుగుతరు కాబట్టి అది గూడ చెప్త. మాండలిన్ శ్రీనివాస్ వల్ల. మన పాలకొల్లు మనిషి, రిమెంబర్ శక్తి అనే బ్యాండ్‌ల జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూసొని వాయించిండు, ఆయన కోసం విని మెక్‌లాఫ్లిన్ దిక్కు పోయిన, మెక్‌లాఫ్లిన్ ఎవరా అని చూస్తే 1969ల ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ దగ్గర గిటార్ వాయించినాయన, ఇగ మైల్స్ దగ్గరికి వచ్చినంక వాపస్ పోయేది లేదు.

స్టూడియో బాక్స్‌లతోని నా పంచాయితి ఏందో ఒక్క ఉదాహరణ చెప్త. శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ అట్లాంటిక్ రికార్డు కంపెనీకి చేసినవన్నీ కలిపి 1995ల "ది హెవీవెయిట్ చాంపియన్" అని ఏడు సీడీల బాక్స్ వచ్చింది. చూడ్డానికి మస్తుంటది, బుక్‌లెట్ బాగుంటది, సౌండ్‌కు వంక పెట్టేది లేదు. గానీ దాంట్ల పాటలు ఏ రోజు రికార్డ్ చేసిన్రో ఆ వరుసల ఉంటయ్. ఇప్పుడు ఆయనదే "జెయింట్ స్టెప్స్" ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, తీస్కోండ్రి. రెండో సైడ్‌ల "సయీదాస్ సాంగ్ ఫ్లూట్" అయినంక "నైమా" వస్తది, భార్య పేరు మీద కట్టిన స్లో ట్యూన్, కింద బాస్ ఒకే స్వరం పట్టుకొని కూసుంటది, పైన శాక్స్ ఊపిరి గూడ గట్టిగ తీస్కోనట్టు పోతది. అది ఆగిందో లేదో "మిస్టర్ పి.సి." ఉరుకుడు షురూ అయితది, బాస్ వాయించే పాల్ చాంబర్స్ పేరు మీద. ఆ రెండిటి మధ్యల నాలుగు సెకన్ల ఖాళీ ఉంటది సూడుండ్రి, ఆల్బమ్ మొత్తంల నాకు ఇష్టమైన జాగ అదే. అయితే ఎల్పీల ఎక్కువ పాటలు 1959 మే 4, 5 తారీఖులల్ల చేసినయ్, "నైమా" ఒక్కటి డిసెంబర్ 2న, పియానోల వింటన్ కెల్లీ, డ్రమ్స్‌ల జిమ్మీ కాబ్ ఉన్నప్పుడు చేసింది. కాబట్టి బాక్స్‌ల ఆ పాట ఇంకెక్కడికో పోతది, "మిస్టర్ పి.సి." ముంగట ఖాళీ అయితది. వాయించినోళ్లు, ప్రొడ్యూసర్ కూసొని ఏది ముందు ఏది ఎనుక అని పేర్చుకున్న వరుసను తారీఖు పట్టుకొని విడగొట్టిన్రు. రికార్డింగ్ డైరీ లెక్కన చదువుకోవటానికి బాగుంటది, రాత్రి పది గంటలకు లైట్ తీసి వినటానికి మాత్రం పనికిరాదు.

శాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్ బాక్స్ సెట్లు ఇంకా కష్టం. 78 స్పీడ్ రికార్డు మీద ఒక్క సైడ్‌కు మూడు నిమిషాలే పడుతది కాబట్టి ప్రతి పాట చిన్నగుంటది. ఒక్కో పాటకు రెండో టేకు (అదే పాట మళ్ల వాయించి రికార్డ్ చేసింది), మూడో టేకు, మధ్యల ఆగిపోయిన టేకు అన్నీ వరుసగ పెడితే, అదే ట్యూన్ మళ్ల మళ్ల మొదలై మళ్ల మళ్ల ఆగుతది. శాక్సోఫోన్ నేర్చుకునేటోళ్లకు బంగారం. పార్కర్ ఒకే ట్యూన్ మీద రెండుసార్లు ఒకే సోలో వాయించడు కాబట్టి పక్కపక్కన వింటే బుర్ర తిరుగుతది. నాకసుంటి ఉత్త వినేటోనికి మాత్రం ఒక సీడీ సగంల నిద్రొస్తది. మా ఇంటామె అయితే అది సీడీ గీక్కుపోయిందనుకొని వచ్చి ఆపింది.

ఇప్పుడు లైవ్ సంగతి. బిల్ ఎవాన్స్ త్రయో 1961 జూన్ 25 ఆదివారం నాడు న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌ల పొద్దంత రెండు సెట్లు, రాత్రి మూడు సెట్లు వాయించిన్రు (ఈడ సెట్ అంటే మధ్యల ఆగకుంట ఒక విడుత వాయించుడు). పియానో ఎవాన్స్, బాస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. దాంట్లకెళ్లి ఏరి అప్పట్ల రెండు ఎల్పీలు చేసిన్రు, 2005ల మొత్తం మూడు సీడీల బాక్స్ వచ్చింది. ఆ రెండు ఎల్పీలు నా దగ్గర ముందు నుంచే ఉన్నయ్, అయినా బాక్స్ చేతికొచ్చినంక వాటిని తీసింది తక్కువ. ఎందుకంటే ఇక్కడ తారీఖు వరుస, వాయించిన వరుస రెండూ ఒకటే. పొద్దంత సెట్‌ల జనం పల్చగ ఉంటరు, గ్లాసుల చప్పుడు, ఎవరో ఒకామె నవ్వు, రాత్రయ్యేసరికి మాటలు ఎక్కువైతయ్, బ్యాండ్ గూడ వేడెక్కుతది. "ఆల్ ఆఫ్ యూ" మూడుసార్లు వస్తది, మూడుసార్లూ లఫారో బాస్ ఏరే దారిల పోతది, పియానోకు తాళం పట్టకుంట దానితోని మాట్లాడుతున్నట్టు వాయిస్తడు.

మొదటి పాట "గ్లోరియాస్ స్టెప్" మధ్యల రికార్డింగ్ మెషిన్‌కు కరెంట్ పోయి సంగీతం తెగి, మళ్ల అందుకుంటది. మన దగ్గర మొదటిసారి విన్నోడెవడైనా ముందు ఇన్వర్టర్ దిక్కు చూస్తడు, నేనైతే లేచి మెయిన్ స్విచ్ దాక పోయిన. దాన్ని సాపు చేయకుండ అట్లనే ఉంచినందుకు ఆ లేబులోళ్లకు దండం పెట్టాలె. ఇంకో సంగతి, ఆ ఆదివారం అయిన పదకొండు రోజులకు, జూలై 6న, లఫారో కార్ యాక్సిడెంట్‌ల చనిపోయిండు, ఇరవై ఐదేండ్ల పిలగాడు. అందుకే మొదట వచ్చిన ఎల్పీల ఆయన కట్టిన పాటతోనే మొదలుపెట్టి ఆయన కట్టిన పాటతోనే ఆపిన్రు. ఆ ఎల్పీ ఆయన కోసం చేసింది, బాక్స్ మాత్రం ఎవరికీ ఏం తెల్వని ఒక మామూలు ఆదివారం లెక్కుంటది. నాకు బాక్సే ఎక్కువ పట్టింది.

మైల్స్ డేవిస్ "ప్లగ్డ్ నికెల్" బాక్స్ గూడ ఈ జాతిదే, 1965 డిసెంబర్ 22, 23 రాత్రులు, చికాగోల అదే పేరున్న క్లబ్, ఎనిమిది సీడీలు. అప్పుడు మైల్స్ బ్యాండ్‌ల ఉన్న వేన్ షార్టర్, హెర్బీ హాంకాక్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్ అందరు కలిసి, జనం మనతోని ఏం ఆశిస్తరో దానికి ఉల్టా వాయిద్దామని అనుకున్నరంట, హెర్బీయే చెప్పుకున్నడు. పాటలు పాతయే, రెండు రాత్రులల్ల మళ్ల మళ్ల అవే వస్తయ్, కానీ ఒక్కసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు. మొదట్ల నాకు ఎక్కలే. చాన రోజులు అల్మారాల్నే పడున్నది, ఒక వానకాలం వరుసవెట్టి రాత్రికొకటి పెట్టినంక దారికొచ్చింది. కొత్తోళ్లు దీనితోని మొదలుపెట్టకుండ్రి.

ఇగ మొజాయిక్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అధూరా అయితది. మైకేల్ కస్కూనా, చార్లీ లూరీ కలిసి పెట్టిన అమెరికా కంపెనీ, 1983ల పియానో వాయించే థెలోనియస్ మంక్ బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీకి చేసిన రికార్డింగులతోని మొదలుపెట్టిన్రు. పెద్ద నల్ల డబ్బా, నంబర్ వేసిన లిమిటెడ్ ఎడిషన్, పోస్టుల తెప్పించుకునుడే. అయిపోతే అయిపోయినట్టే, ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ ధర చూస్తే బీపీ పెరుగుతది. పైన స్టూడియో బాక్స్‌లను తిట్టి ఇప్పుడు వీళ్లను పొగుడుతున్నడేంది అనుకోకుండ్రి, వీళ్ల పని పద్ధతి వేరే. ఎక్కడా దొరకని రికార్డింగులు పట్టుకొచ్చి, ఎవరు ఏ రోజు ఏం వాయించిన్రో మొత్తం రాసి, బ్లూ నోట్ ఫోటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన ఫోటోలు పెద్దగ అచ్చేసి ఇస్తరు. నిజం చెప్పాలంటే నేను ఆ బుక్‌లెట్లు చదివినన్నిసార్లు ఆ సీడీలు వినలే. అందుకే వేరే ఆల్బమ్‌లు దొరికే ఆర్టిస్ట్‌ది అయితే వద్దు, ఎక్కడా దొరకనిది అయితే తీస్కోండ్రి.

బయటికెళ్లి తెప్పించుకునేటోళ్లు కస్టమ్స్ యాది పెట్టుకోండ్రి, డ్యూటీ ఉత్త బాక్స్ ధర మీద కాదు షిప్పింగ్ గూడ కలిపిన విలువ మీద వేస్తరు, బరువైన బాక్స్‌కు షిప్పింగే ఎక్కువ కాబట్టి రెండు దిక్కులా వాత. వచ్చినంక వెంటనే విప్పి ప్రతి డిస్క్ పెట్టి చూస్కోండ్రి. నాకొచ్చిన ఒక సెట్‌ల అయిదో సీడీ మీద అయిదు అనే ఉంటది, లోపల మాత్రం నాలుగో సీడీ పాటలే. అమ్మినాయనకు రాస్తే నెల దాటింది మావల్ల కాదన్నడు. ఇంకోటి, 90ల కాలం డబ్బాలల్ల సీడీల మీద పల్చటి ఫోమ్ ముక్క పెట్టేటోళ్లు, ఏండ్లైనంక అది జిగురైపోయి సీడీకి అంటుకొని పైపూత తింటది. నేను ఒక బాక్స్ తెరిస్తే ఆ ఫోమ్ చేతికి నల్లగ బెల్లంపాకం లెక్క వచ్చింది. మీ దగ్గర ఉంటే ఇప్పుడే తీసి చెత్తల పారేయుండ్రి.

వినైల్ (నల్ల రికార్డుల) సంగతి మన ఊర్ల వేరే కథ. మే నెలల పై అంతస్తుల రికార్డులు పెట్టకుండ్రి, స్లాబ్ వేడికి వంకర తిరుగుతయ్, రామగుండం, మంచిర్యాల దిక్కు ఉన్నోళ్లకు నేను కొత్తగ చెప్పేదేం లేదు. ఒకదాని మీద ఒకటి పండవెట్టుడు బందు, పుస్తకాల లెక్క నిలవెట్టాలె. వానకాలం కవర్లకు బూజు. మేముండేది గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు కాబట్టి దుమ్ము సంగతి చెప్పొద్దు, నీడిల్ కింద బూడిద ఉండలు కడుతది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ల దొరికే పాత రికార్డులు ఎక్కువ కలకత్తా దమ్ దమ్ ఫ్యాక్టరీల అచ్చయిన హెచ్.ఎం.వి. కంపెనీ సినిమా పాటలే, మధ్యల ఎప్పుడన్న ఒక జాజ్ ఎల్పీ తగుల్తది. తెచ్చినంక బ్యాటరీ షాపుల డిస్టిల్డ్ వాటర్ కొని, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, లేబుల్ తడవకుండ గీతల వెంట గుండ్రంగ మెత్తటి బట్టతోని తుడిచి, మళ్ల ఉత్త నీళ్లతోని కడిగితే సగం చిటపట పోతది. మిగిలిన సగం ఉండనీయుండ్రి.

టర్న్‌టేబుల్ అమెరికా నుంచి ఎవరన్న తెస్త అంటే మోటర్ ఏందో అడగుండ్రి. మా బావ డల్లాస్‌కెళ్లి ఒక పాతది మోస్కొచ్చిండు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గూడ పెట్టిండు, అయినా కోల్ట్రేన్ నిద్రల వాయించినట్టు వినొచ్చింది. వోల్టేజ్ తగ్గుతది గానీ ఆడ కరెంట్ 60 హెర్ట్జ్, మనది 50, ఆ పాత మోటర్లు హెర్ట్జ్ లెక్కన తిరుగుతయ్, 33 తిరగాల్సింది 28 దగ్గర తిరుగుతది. డీసీ మోటర్‌దయితే ఈ లొల్లి లేదు.

ఒరిజినల్ ప్రెస్సింగ్ (మొట్టమొదట అచ్చయిన రికార్డు) పిచ్చోళ్లకు ఒక్క మాట. మైల్స్ డేవిస్ ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ" మొదటి సైడ్ మూడు పాటలు 1959 మార్చ్ 2న రికార్డ్ చేసినప్పుడు టేప్ మెషిన్ కొంచెం మెల్లగ తిరిగింది, అందుకే మామూలు స్పీడ్‌ల పెడితే శ్రుతి కొంచెం పైకి పోతది. దాన్ని సరిచేసింది 1992ల. అంటే వేలకు వేలు పోసి కొనే ఆ 1959 రికార్డుల మొదటి సైడ్ శ్రుతి తప్పే ఉంటది, పక్కన కీబోర్డ్ పెట్టి వాయించి చూస్కోండ్రి. బ్లూ నోట్ వినైలే కావాలంటే ఆ కంపెనీయే 2019ల మొదలుపెట్టిన టోన్ పొయెట్ అనే వరుస రికార్డులు చాలు, ఒరిజినల్ అనలాగ్ టేపులకెళ్లి కెవిన్ గ్రే అనే ఇంజనీర్ మాస్టర్ చేసినయ్, అట్ట మందంగ ఉంటది, నా దగ్గరున్నయన్నీ చప్పుడు లేకుంట నడుస్తున్నయ్. అవి బాక్స్ గాదు, ఒక్కో ఆల్బమ్, పేర్చినోళ్లు పేర్చిన వరుసల్నే.

అమ్ముతవా అని అడిగేటోళ్లకు, హెవీవెయిట్ చాంపియన్ ఇచ్చేస్త, బుక్‌లెట్ జిరాక్స్ తీస్కున్నంకనే, కాజీపేట స్టేషన్ కాడికొస్తే చేతికే ఇస్త. మొజాయిక్‌లు ఇప్పుడే కాదు. వాన్‌గార్డ్ బాక్స్ మాత్రం అడగకుండ్రి, దోస్తానా చెడుతది.