మొహెంజొదారో మోడల్ కిట్: ఇటుకలు సూపర్, మోరీ దగ్గరే గోల (3/5)

పోయిన ఆదివారం కోఠిలో తీస్కున్నా, 1,450 రూపాయలు, పాప స్కూల్ ప్రాజెక్ట్ కోసం. డబ్బాలో సింధు నాగరికత నాటి ఊరు మొహెంజొదారో వీధి మూల ఒకటి, ఒక ఇల్లు, బావి, మోరీ, వీటికి సరిపడా బుల్లి బుల్లి కాల్చిన ఇటుకలు.

ఇటుకల్ని మాత్రం మెచ్చుకోవాల్సిందే. స్కేలు పెట్టి కొలిచా, 6 మిల్లీమీటర్ల మందం, 12 వెడల్పు, 24 పొడవు. అక్కడి అసలు ఇటుకలదీ ఇదే లెక్క, 1:2:4. ఎందుకలా అనేది మా అపార్ట్‌మెంట్‌లో పన్జేస్తున్న మేస్త్రీ చెప్పేదాకా నాకూ తెలీదు, ఆయన రెండిటుకలు పక్కపక్కన పెట్టి పైన ఇంకోటి అడ్డంగా పెట్టి చూపించాడు, రెండు వెడల్పులు కలిస్తే ఒక పొడవు, అందుకే గోడ మూల తిరిగే చోట ఇటుక పగలగొట్టకుండానే అతుకు మీద అతుకు పడకుండా కట్టొచ్చంట. మన 9, 4, 3 ఇంచుల ఇటుక కూడా దగ్గర దగ్గర అంతే సార్ అన్నాడు.

ఇక మోరీ. బాత్రూంలో నీళ్లు గోడ కన్నంలోంచి వీధి మోరీలోకి పోవాలి, దానిమీద మూతలు, పూడిక తీయాలంటే ఎత్తేసేలాగ. అక్కడ నిజంగానే అలా ఉండేవి. కానీ వీళ్లిచ్చిన బోర్డుకి అసలు వాలే లేదు! పాప గ్లాసుడు నీళ్లు పోస్తే సగం దూరం పోయి మళ్లీ బాత్రూంలోకే వచ్చాయి. "డాడీ, అచ్చం మన గల్లీ లాగే ఉంది" అంది. ఒక వైపు కింద రెండు క్యారమ్ కాయిన్స్ పెట్టాక పారింది.

మాన్యువల్‌లో ఇంటి తలుపు పెద్ద రోడ్డు మీదకే పెట్టారు, అది తప్పు, అక్కడ చాలా ఇళ్లకి తలుపు పక్క గల్లీలోకి, రోడ్డు వైపు ఒట్టి గోడే. మేం మార్చి కట్టాం.

డబ్బాలో వచ్చిన సమాచారం కార్డులు పర్లేదు. ధోలావీరా (అది కూడా సింధు నాగరికత ఊరే) రిజర్వాయర్ల బొమ్మ బాగుంది. ఒకదాంట్లో గళ్ల వీధులు (నిలువుగా, అడ్డంగా తిన్నగా పోయే వీధులు) కనిపెట్టింది గ్రీకు హిప్పోడమస్ అని రాశారు, ఆయన క్రీ.పూ. 5వ శతాబ్దంలో పిరయస్ రేవుకి ప్లాన్ వేసిన మాట నిజమేగానీ, మీ డబ్బాలో ఉన్న గళ్ల వీధుల ఊరే అంతకి 2,000 ఏళ్ల ముందుది కదా బాబూ!

మోరీ మూతలు 11 తక్కువొచ్చాయి. షాపులో అడిగితే "కొత్త డబ్బా తీస్కోండి" అన్నాడు, మార్చిస్తాననా కొనమనా అర్థం కాలా. బిస్కెట్ ముక్కలు పెట్టి కప్పాం, పొద్దున్నకి మోరీ నిండా చీమలు.