గ్లోబ్ థియేటర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ డీవీడీ: పదకొండేళ్లు పాఠం చెప్పాక చూశాను

డిగ్రీ పిల్లలకు పదకొండేళ్లు షేక్స్‌పియర్ రాసిన ఈ నాటకం పాఠం చెప్పాను. స్టేజీ మీద మాత్రం ఎన్నడూ చూడలేదు. లండన్ గ్లోబ్ థియేటర్‌లో 2011లో ఆడినప్పుడు తీసిన డీవీడీ ఉందని తెలిసి తెప్పించుకున్నాను. అమ్మినాయన పంపిన మొదటి డిస్కు సరిగ్గా చర్చి సీను ముందు ఆగిపోయింది. మార్చి పంపడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మనసంతా ఆ సీను మీదే.

దర్శకుడు జెరెమీ హెరిన్. బియాట్రిస్‌గా ఈవ్ బెస్ట్, బెనెడిక్‌గా చార్లెస్ ఎడ్వర్డ్స్ వేశారు. ఇద్దరూ ఎదురుపడితే చాలు, మాటకు మాట అంటించుకుంటారు. యుద్ధానికి వెళ్లిన సైనికులు బియాట్రిస్ ఉండే మెసీనా ఊరికి తిరిగొస్తున్నారన్న కబురు రాగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న, “మోంటాంటో గారు వచ్చారా, రాలేదా?” అని. మోంటాంటో అంటే కత్తిసాములో కింది నుంచి పైకి పొడిచే దెబ్బ. బెనెడిక్‌కి ఆమె పెట్టిన ఎగతాళి పేరది. క్లాసులో ఈ అర్థం వరకు చెప్పి ముందుకు వెళ్లేదాన్ని. తెరమీద చూస్తుంటే ఇంకో సంగతి తట్టింది. అంతమంది యుద్ధం నుంచి వస్తుంటే, ఆమె క్షేమం కనుక్కున్నది ఆ ఒక్కడిదే.

రెండో అంకంలో ఆమె అంటుంది, అతను ఒకప్పుడు తన మనసు కొన్నాళ్లు నాకు అప్పిచ్చాడు, నేను వడ్డీతో కలిపి ఒకటికి రెండుగా తిరిగిచ్చాను అని. అంతకుముందు దొంగ పాచికలతో నా మనసు గెలుచుకున్నాడనీ అంటుంది. ‘గతంలో ప్రేమ ఉండి ఉండవచ్చు’ అని మేం మార్జిన్లో రాయించే ముక్క ఇది. ఈవ్ బెస్ట్ నోట విన్నాక డీవీడీ ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ ఎత్తిపొడుపులన్నిటి కింద మానని పుండు ఉంది.

చాటున ఉండి వింటున్న ఇద్దరికీ విడివిడిగా, అవతలివాళ్లు నిన్నే ప్రేమిస్తున్నారని వినపడేలా మాట్లాడి స్నేహితులు బుట్టలో వేసే సీన్లు కడుపుబ్బ నవ్విస్తాయి. గ్లోబ్‌లో స్టేజీని ఆనుకుని ఏడు వందల మంది దాకా నిలబడి చూస్తారు. పెళ్లే వద్దన్న బెనెడిక్ మనసు మార్చుకున్నందుకు వాళ్లకే సంజాయిషీ చెప్పుకుంటాడు.

ఇక చర్చి సీను. బెనెడిక్ స్నేహితుడు క్లాడియో, ఎవరో పన్నిన కుట్ర నమ్మి, పెళ్లి పీటల మీదే పెళ్లికూతురిని (బియాట్రిస్‌కు చెల్లెలి వరస, పేరు హీరో) శీలం లేనిదని నలుగురిలో తిట్టి వెళ్లిపోతాడు. కన్నతండ్రే ఆ మాట నమ్మేస్తాడు. అక్కడ మిగిలిన బియాట్రిస్, బెనెడిక్ మొదటిసారి ప్రేమ చెప్పుకుంటారు. నీకోసం ఏం చెయ్యమన్నా చేస్తానంటాడతను. ఆమె, “క్లాడియోను చంపు” అంటుంది. మూలంలో రెండే మాటలు. అంతవరకు నవ్విన జనం ఇక్కడా నవ్వేస్తారేమోనని ఏ నటికైనా టెన్షన్ ఉండే చోటు.

అతను ముందు కాదంటాడు. నేను మగాణ్ణయితేనా అని ఆమె మండిపడుతుంది. చివరికి అతను ఒక్కటే అడుగుతాడు, క్లాడియో తప్పు చేశాడని నీ ఆత్మసాక్షిగా అనుకుంటున్నావా అని. అవునంటుంది. చాలు, సవాలు విసురుతాను అంటాడు. సాక్ష్యం అడగలేదు. ప్రాణస్నేహితుడి కళ్లు చూశామన్నదాని కన్నా ఆమె మాటే నిజమని నమ్మాడు. నాకు వాళ్ల ప్రేమ ఇదే. ఆ పుల్లవిరుపు మాటలన్నీ ఇన్నాళ్లూ ఒకరినొకరు శ్రద్ధగా విన్నారనడానికి గుర్తు. క్లాడియో హీరోతో మనసు విప్పి మాట్లాడిందే లేదు, అందుకే ఎవరో చెప్పింది నమ్మాడు. ఆ క్లాడియోకే చివర్లో హీరోను ఇచ్చి పెళ్లి చెయ్యడం నేను ఇప్పటికీ క్షమించలేను. ఎంత బాగా ఆడినా నా మనసు ఒప్పుకోలేదు.

ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తన దగ్గరున్న షేక్స్‌పియర్ సంపుటంలో ఈ నాటకం పేరు పక్కన ‘బెనెడిక్, బియాట్రిస్’ అని రాసుకున్నాడు. అసలు కథ హీరో, క్లాడియోలది అయినా ఆయన గుర్తుపెట్టుకున్నది ఈ జంటనే.

కొనేవాళ్లకు ఒక్క మాట. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూడండి, వేగంగా పోయే మాటలు కొన్ని జారిపోతాయి. చర్చి సీను దగ్గరికి వచ్చాక మాత్రం పుస్తకం మూసేసి వాళ్ల ముఖాలు చూడండి.