మెరూన్ జెర్సీ మీద తెల్ల నంబర్లు: రామగిరి షాపులో పని బాగుంది

మా ఊరి వాలీబాల్ టీమ్ జెర్సీలకు ఈసారి నంబర్లు నల్లగొండ రామగిరిలో ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ షాపులో వేయించాం. చాలా బాగా వేశారు. ముదురు రంగు జెర్సీలు కొన్న టీములు మాత్రం ఇది తప్పకుండా చదవాలి.

అంతకుముందు వేరేచోట వేయించిన జెర్సీలు కూడా మెరూనే. తెచ్చిన రోజు తెల్ల నంబర్లు మెరిసిపోయాయి, పోనుపోను గులాబీ రంగుకు తిరిగాయి. ఉతకడం వల్లే అయిందని అందరూ అనుకుంటారు గానీ అసలు కారణం వేడి. పాలిస్టర్‌కు అద్దిన రంగు హీట్ ప్రెస్ (వేడితో నంబర్లు అతికించే మిషన్) కింద ఎక్కువ కాగితే ఆవిరై, నంబర్లు కత్తిరించే ప్లాస్టిక్ షీట్ అంటే పైనున్న వినైల్‌లోకి ఎక్కుతుంది, అదీ వెంటనే కనబడదు. ఇక్కడ షాపులోని అన్న, జెర్సీ చేతిలోకి తీసుకోగానే లోపలి లేబుల్ తిప్పి చూసి, "పాలిస్టర్ తమ్మీ, దీనికి మామూలు తెలుపు వద్దు, బ్లాకౌట్ వేద్దాం" అన్నాడు. ఆ షీట్ అడుగున బూడిద రంగు పొర ఉంటుంది, కింది రంగును పైకి రానీయదు. రేటు కాస్త ఎక్కువే, అయినా ముదురు జెర్సీకి అదే తీసుకోండి.

ప్రెస్ చేసే పద్ధతి కూడా నచ్చింది. జెర్సీని నిలువుగా మడిచి నడిమి గీత చూసుకున్నాడు, కుట్లు, కాలర్ ఎత్తుగా ఉండి ప్లేటు సరిగా ఆనదని లోపల మెత్తటి ప్యాడ్ పెట్టాడు, 130 డిగ్రీలకు మించనీయలేదు. నంబర్ పైనున్న ప్లాస్టిక్ కవర్ పీకేటప్పుడు ఒక మూల కొంచెం లేస్తే అక్కడే ఆగి, వేడికి అంటుకోని టెఫ్లాన్ షీట్ కప్పి మళ్లీ నొక్కాడు. ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి!

ఫాంట్ మాత్రం మీరే చూసుకోండి. శాంపిల్ బుక్‌లో స్టైల్‌గా ఉన్న సన్న అంకెలు చాలా ఉన్నాయి, వాటిలో 1, 7 దూరం నుంచి ఒకేలా కనబడతాయి. వాలీబాల్ రూల్ ప్రకారం నంబర్ ఛాతీ మీద కనీసం 15 సెంటీమీటర్లు, వీపు మీద 20 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గీత మందం 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మేము ఈ కొలతలే చెప్పి లావు అంకెలు వేయించాం, గ్రౌండ్ అవతల నుంచి కూడా చక్కగా కనబడుతున్నాయి. పేర్లు తెలుగులో వేయించేవాళ్లు అక్షరాలు పెద్దవిగా పెట్టించండి, చిన్న సైజులో తలకట్టు, పొల్లు లాంటి సన్న ముక్కలు ముందు ఊడతాయి.

ఒక్కటే ఇబ్బంది, టోర్నమెంట్ల సీజన్‌లో రష్ బాగా ఉంటుంది, చెప్పిన టైముకు ఇవ్వలేదు. ముందే ఇచ్చేయండి. ఇంటికి తెచ్చాక ఒక రోజు ఆగి, తిరగేసి చన్నీళ్లలో ఉతకండి, నంబర్ మీద ఇస్త్రీ పెట్టొద్దని అమ్మకు గట్టిగా చెప్పండి.